పేరయ్యకు ఒక పెళ్ళి

చలికాలం ఇంకా సగంలో ఉండగానే ఆ గుర్రాల కొట్టంలో సీజన్ పనులు మొదలైపోతాయి. పగళ్ళు పొడుగైతే తప్ప ఆడగుర్రం ఎదకు రాదు. అవి ఎప్పుడు పొడుగవుతాయా అని చేతులు కట్టుకు కూర్చుంటే పుణ్యకాలం కాస్తా దాటిపోతుంది. అందుకని పొద్దు వాలగానే గదుల్లో పెద్ద బల్బులు వేసి, ఇంకా పగలే ఉందని ఆడగుర్రాలను నమ్మిస్తారు. ఆ బల్బుల దుమ్ము తుడిచేదీ, మాడినవి మార్చేదీ, ఏ గదిలో ఎంత వెలుగు పడుతోందో లోపలికి వెళ్ళి నిలబడి చూసేదీ పెంకమ్మ. చిన్నప్పుడు పెంకిపిల్ల అన్నారు. జుట్టు నెరిశాక ఆ మాటకే ఒక 'అమ్మ' తగిలించి గౌరవించామనుకున్నారు. కొట్టం ఆమె అన్నయ్యది, పని ఆమెది. ఈ పంపకం ఎప్పుడు జరిగిందో ఎవరూ చెప్పలేరు. ఆమెను మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ ఏడు కూడా అన్నీ ఆమె చేతిమీదుగానే సిద్ధమయ్యాయి. దాటు షెడ్డులో, అంటే మగగుర్రాన్నీ ఆడగుర్రాన్నీ కలిపే పెద్ద రేకుల షెడ్డులో, నేల మీది రబ్బరు పరుపులన్నీ ఎత్తించి కింద కుళ్ళిన పొట్టంతా ఊడ్పించింది. ఆడగుర్రం తన్నినా మగదానికి దెబ్బ తగలకుండా వెనక కాళ్ళకు వేసే కంబళి తొడుగులు ఎలుకలు కొరికేస్తే, దబ్బనం పట్టుకుని తనే కుట్టింది. తోకలకు చుట్టే గుడ్డపట్టీలు ఉడకబెట్టి ఆరేసింది. తోలు పగ్గాలకు నూనె రాసి, ఒక్కొక్కదాన్నీ తన బరువంతా వేసి లాగి చూసింది. తెగేదేదో ఇప్పుడే తెగాలి, గుర్రం రెండు కాళ్ళ మీద లేచినప్పుడు కాదు. ఇంత చేసినా అన్నయ్య ఒకసారి వచ్చి చుట్టూ చూసి, "అంతా బాగానే చేయించాను" అని ఫోనులో ఎవరితోనో చెప్పుకునేవాడు. పోనీలెమ్మని ఆమె ఊరుకునేది. ఆ ఏడు ఊరుకోకపోవడానికి కారణం పేరయ్య.

పేరయ్య మనిషి కాదు, గుర్రం. కొట్టంలో అసలు పెళ్ళికొడుకు రాజావారు. ఆయనకు వంశవృక్షం ఉంది, ఇన్సూరెన్సు ఉంది, నెత్తిన ఫ్యాను ఉంది. అంత ఖరీదైన గుర్రాన్ని ఎదలో లేని ఆడగుర్రం దగ్గరికి తీసుకెళ్తే, అది ఒక్క తాపు తన్నిందంటే కొంప మునుగుతుంది. అందుకని ముందు పేరయ్య వెళ్ళాలి. షెడ్డు బయట మనిషి ఛాతీ ఎత్తున, పైన మెత్త కుట్టిన గోడ ఒకటుంది. దాన్ని చూపుల గోడ అంటారు. గోడకు ఇటు పేరయ్య, అటు ఆడగుర్రం. వీడు పలకరించాలి, సకిలించాలి, మెడ వంచి వయ్యారాలు పోవాలి. అది తోక పక్కకు తిప్పి నిలబడితే సంబంధం కుదిరినట్టు. చెవులు వెనక్కి పెట్టి తన్నిందంటే ఇంకా వేళ కాలేదన్నమాట. కుదిరిన మరుక్షణం పేరయ్యను ఇవతలికి లాగేసి రాజావారిని తెస్తారు. పెళ్ళిచూపులన్నీ వీడివి, పెళ్ళిళ్ళన్నీ ఆయనవి. పెళ్ళిళ్ళ పేరయ్య అన్న పేరు ఊరికే రాలేదు.

కిందటి సీజన్‌లో పేరయ్య పని మానేశాడు. గోడ దగ్గరికి తెస్తే బెల్లంకొట్టిన రాయిలా నిలబడేవాడు. తలెత్తి చూడలేదు, ఒక్కసారి సకిలించలేదు. వీడు పలకరిస్తే కదా అవి జవాబు చెప్పేది. ఏ గుర్రం ఎప్పుడు ఎదకు వచ్చిందో తెలియక వేళలు తప్పిపోయాయి. సగానికి పైగా గుర్రాలు చూలు కట్టకుండానే వాటి యజమానుల దగ్గరికి తిరిగి వెళ్ళిపోయాయి. ఇంకో సీజన్ ఇలాగే పోతే కొట్టానికి తాళం వేసుకోవాల్సిందే.

నాన్న ఉన్నన్నాళ్ళూ ఒక పద్ధతి ఉండేది. సీజన్ మొదలయ్యే ముందు, గోడ దగ్గర పనిచేసే గుర్రానికి కూడా ఒక ఆడగుర్రాన్ని ఇచ్చేవాడు. మామూలు జాతిదే, ఒక్కటే. "ఏ ఆశా లేకుండా ఏడాదంతా ఎవడు పనిచేస్తాడే?" అనేవాడు. నాన్న పోయాక అన్నయ్య ఆ పద్ధతి ఎత్తేశాడు. పేరయ్యకు పుట్టిన పొట్టికాళ్ళ పిల్లను చూసి ఎవరో పెద్దమనిషి నవ్వాడట. ఆ నవ్వు అన్నయ్య చెవుల్లో ఇప్పటికీ మోగుతూనే ఉంది.

"శుక్రవారం డాక్టరు గారు వస్తున్నారు," అన్నాడు అన్నయ్య ఒకరోజు, భోజనం ముగించి చెయ్యి కడుక్కుంటూ. "పేరయ్యకు విత్తులు కొట్టించేసి అమ్మేద్దాం. ఈ సీజన్‌కి వేరే కొట్టం వాళ్ళ గుర్రాన్ని అడిగాను."

"వాడికేం రోగం?" అంది పెంకమ్మ.

"రోగమేమీ లేదు. మగతనమే లేదు. లేనివాణ్ణి ఉంచుకుని ఏం చేస్తాం?"

"ఉందో లేదో ఒక గుర్రాన్ని ఇచ్చి చూడు. నాన్న ఇచ్చినట్టు."

"నాన్న రోజులు వేరు. మళ్ళీ ఒక పొట్టిపిల్ల పుట్టి, మన కొట్టంలో జాతి కలిసిపోయిందని నలుగురూ అంటే తల ఎక్కడ పెట్టుకోను?"

"పోయినేడు గుర్రాలన్నీ ఖాళీ కడుపులతో వెళ్ళినప్పుడు ఎక్కడ పెట్టుకున్నావో అక్కడే పెట్టుకో."

అన్నయ్య ఒంటికాలి మీద లేచాడు. అప్పటికప్పుడు పనివాళ్ళను పిలిచి, పేరయ్య విషయంలో తన చెల్లెలికి ఎవరు చెయ్యి సాయం చేసినా ఆ రోజే సంచి సర్దుకోవచ్చని చెప్పాడు. పెంకమ్మ తన పళ్ళెం తీసుకుని లేచింది. లేనివాడట. అందుకోబోయిన ప్రతిసారీ చేతికందేది లాగేసి, చివరికి వీడికి ఆకలే లేదని తీర్పు చెప్పడం ఎక్కడి న్యాయం?

వంటింట్లో వదిన మెల్లగా దగ్గరికి వచ్చింది.

"నీ మనసు నాకు తెలుసులే. అందరి పనులూ చూశావు, నీకంటూ ఒకటి కుదరలేదు. ఆ బాధే ఆ గుర్రంలో కనిపిస్తోంది నీకు."

"వదినా, నన్నూ వాణ్ణీ ఒకే గాటన కట్టకు," అంది పెంకమ్మ గిన్నె పక్కన పెట్టి. "నేను వద్దనుకున్నాను. చూపులకు వచ్చినవాళ్ళందర్నీ నేనే పొమ్మన్నాను, కాఫీలు ఇచ్చింది నువ్వే. వాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. నాది నా ఇష్టం, వాడిది అన్యాయం."

వదిన ఒక క్షణం ఆలోచించి, "అదీ నిజమే. ఆ కాఫీలు కూడా దండగే అయ్యాయి," అంది.

గురువారం లాడాల తాత వచ్చాడు. సీజన్ ముందు ఆడగుర్రాల వెనక కాళ్ళ లాడాలు ఊడదియ్యడం ఆయన పని. ఇనుము తగిలితే మగగుర్రం ఎముక విరుగుతుంది. వరస అంతా అయ్యాక, పెంకమ్మ ఇటుక అనే తన బండిగుర్రాన్ని తెచ్చి నిలబెట్టింది. ఇటుక రంగు ఒళ్ళు, పెద్ద పొట్ట, ఏ వంశమో దానికే తెలియదు. రోజూ గడ్డిబండి లాగుతుంది. నాన్న చివరి రోజుల్లో నీకేం కావాలే అని అడిగితే ఆమె కోరుకున్నది ఈ గుర్రాన్నే. కొట్టంలో అన్నయ్య పేరున లేనిది ఇదొక్కటే.

"బండి లాగేదానికి వెనక లాడాలు తీస్తే ఎలాగమ్మా? రాళ్ళ దారిలో కుంటుతుంది."

"రేపు బండి లేదు తాతా."

తాత ఇటుక గదిలోకి తొంగి చూశాడు. బండిగుర్రం నెత్తిన కూడా పెద్ద బల్బు వేలాడుతోంది. చలికాలం నుంచే వేలాడుతోందని దాని మీది దుమ్ము తుడిచిన మరకలు చెబుతున్నాయి.

"ముందువి ఉంచనా?"

"ఉంచు."

ఆయన కాలు ఎత్తి ఒళ్ళో పెట్టుకుని పని మొదలుపెట్టాడు.

శుక్రవారం ఉదయం, కొట్టమంతా మేలుకుని పనుల్లో ఉన్న వేళ, పెంకమ్మ ఇటుకను షెడ్డులోకి నడిపించుకొచ్చింది. దొంగచాటుగా చేసే ఉద్దేశం ఆమెకు లేదు. తాడో పేడో అందరి ముందే తేలాలి. ఇటుక అప్పటికి రెండు రోజులుగా పేరయ్య గది కిటికీ వదలడం లేదు, బండికి కడితే దారి తప్పి అటే లాగుతోంది. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, తోకకు పట్టీ చుట్టి, వెనక కాళ్ళకు తొడుగులు వేసింది. "ఎవరైనా ఒకరు తల పట్టుకోండి," అని పిలిచింది. పనివాళ్ళు చీపుళ్ళు పట్టుకుని తమ కాళ్ళ వంక చూసుకున్నారు. వాళ్ళకూ ఇళ్ళున్నాయి, పిల్లలున్నారు. ఆమె ఇటుక పగ్గాన్ని గోడకున్న ఇనుప కడియానికి ముడివేసి పేరయ్య కోసం వెళ్ళింది.

తిరిగి వచ్చేసరికి అన్నయ్య షెడ్డు గుమ్మంలో అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"ఏం చేస్తున్నావ్?"

"కనపడట్లేదా?"

"ఇవాళ ఈ షెడ్డులో వాడు అడుగుపెడితే, రేపట్నుంచి నువ్వు పెట్టవు."

"రేపటి సంగతి రేపు చూద్దాం. పక్కకు జరుగు, వాడు తొక్కుతాడు."

నిజానికి పేరయ్య చీమను తొక్కే స్థితిలో కూడా లేడు. తల వేలాడేసుకుని, పిలిస్తే వచ్చాను అన్నట్టు నడుస్తున్నాడు. అన్నయ్య అది చూశాడు. చేతులు కట్టుకుని పక్కకు జరిగాడు. ఇక తను చెప్పనక్కర్లేదు, గుర్రమే చెబుతుందన్న ధీమా ఆ జరగడంలో ఉంది.

పేరయ్య లోపలికి వచ్చి ఆగిపోయాడు. ఇటుక తోక పక్కకు తిప్పి వెనక్కి చూసింది. వీడు నేల చూపులు చూస్తున్నాడు. పనివాళ్ళ చీపుళ్ళు ఆగిపోయాయి. అన్నయ్య అన్నదే నిజమైతే? నిజంగానే వీడిలో ఏమీ మిగలకపోతే? డాక్టరు బండి వచ్చే వేళయింది. ఇంతమందిలో ఇంత గొడవ చేసి, తన చేతులతో తనే వీణ్ణి కత్తి కిందికి తెచ్చినట్టవుతుంది.

"ఒరేయ్," అంది వాడి మెడ మీద చెయ్యి వేసి, వాడికొక్కడికే వినిపించేలా. "ఈసారి ఎవరూ లాగెయ్యరు."

పేరయ్య ఒక అడుగు వేశాడు. వేసి, చెవులు వెనక్కి తిప్పి ఆగాడు. ఆమెకు అప్పుడు అర్థమైంది. వాడు ఆగింది ఇష్టం లేక కాదు. పగ్గం ఎప్పుడు వెనక్కి లాగుతారా అని చూస్తున్నాడు. ఇన్నేళ్ళుగా ప్రతిసారీ జరిగింది అదే. ఆమె పగ్గం పూర్తిగా వదులు చేసింది. ఇంకో అడుగు. ఎవరూ లాగలేదు. మరో అడుగు. అప్పుడు పేరయ్య తలెత్తాడు. మెడ విల్లులా వంగింది, ముక్కుపుటాలు విచ్చుకున్నాయి. షెడ్డు రేకులు అదిరేలా ఒక్క సకిలింపు సకిలించాడు.

ఆ కేకకు ఇటుక ఉలిక్కిపడి ఒక్కసారిగా వెనక్కి గుంజింది. కడియానికి కట్టిన పగ్గం బిగిసిపోయింది. అన్నయ్య ముఖం పాలిపోయింది.

"కట్టేశావా? దాటు షెడ్డులో గుర్రాన్ని కట్టేస్తారటే ఎవరైనా? పడితే మెడ విరుగుతుంది."

ఆ తిట్టు పూర్తయ్యేలోపే లోపలికి దూకేశాడు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి గుర్రాల మధ్య పెరిగిన మనిషి, అవతల ఏ గుర్రం మీద ఎంత కోపమున్నా కట్టేసిన దాన్ని చూస్తూ ఊరుకోలేడు. ఒక్క లాగుతో ముడి విప్పి, ఇటుక తల గుండెకు ఆనించుకున్నాడు. ఇక వదిలే వీలు లేదు. వదిలితే రెండు గుర్రాల మధ్య చెల్లెలు ఒంటరిగా నలిగిపోతుంది. పట్టుకుని నిలబడి నోటికి పని చెప్పాడు.

"ఎడమ పక్కకి రా. ఎడమ పక్కకి. చేతికి పగ్గం చుట్టుకోకు, ఎన్నిసార్లు చెప్పాలి? పక్క నుంచి రానీ వాణ్ణి, ఎదురుగా కాదు. హో, హో, ఇటుకా, ఏం లేదమ్మా. నీ బుద్ధి కాల్చా, చచ్చేదానివి. నిన్ను కాదే ఇటుకా, దాన్ని అంటున్నా."

"తిట్టేదేదో మెల్లగా తిట్టు, గుర్రం బెదురుతుంది," అంది పెంకమ్మ.

అలా తిడుతూనే ఉన్నాడు, పగ్గం పట్టుకునే ఉన్నాడు. పేరయ్య తన పని తాను చేసుకున్నాడు. అయ్యాక దిగి, ఒళ్ళు దులుపుకుని, నిలబడ్డాడు. అన్నాచెల్లెళ్ళిద్దరూ చెమటలు కక్కుతూ చెరో పగ్గంతో మిగిలారు.

డాక్టరమ్మ పెట్టె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఏ గుర్రమండీ కొట్టాల్సింది?"

అన్నయ్య ఇటుక జూలు సర్దుతూ ఉండిపోయాడు. తరవాత, "ఇవాళ వద్దులెండి," అన్నాడు.

"ఇవాళ వద్దంటే ఒప్పుకోను," అంది పెంకమ్మ. "ఎప్పటికీ వద్దని చెప్పు."

"అన్నీ నీ మాటే నెగ్గాలా?"

"నా మాట కాదు. వాడు చెప్పాడు, నువ్వు విన్నావు."

బయట వరసలో ఉన్న ఆడగుర్రాల్లో ఒకటి సకిలించింది. పేరయ్య తల అటు తిప్పి, గట్టిగా, దర్జాగా జవాబిచ్చాడు. వెంటనే వరసలోంచి ఇంకొకటి, దాని పక్కది, ఆ చివరిది. కిందటి ఏడంతా ఆ కొట్టంలో వినపడని చప్పుడది. పనివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అన్నయ్య కాసేపు తలొంచుకుని విన్నాడు.

"ఎప్పటికీ వద్దులెండి డాక్టరు గారూ," అన్నాడు చివరికి. పగ్గం చెల్లెలి చేతిలో పెట్టి, వెళ్ళబోయి, మళ్ళీ ఆగాడు. పూర్తిగా ఓడిపోయి వెళ్ళడం ఆయనకు చాతకాదు. "పుట్టబోయే ఆ పొట్టిదాన్ని మాత్రం గేటు దగ్గర కట్టకు. వచ్చేవాళ్ళందరికీ కనిపిస్తుంది."

"గేటు దగ్గరే కడతాను," అంది పెంకమ్మ. "చూడనీ."