చెప్పకుండా ఎత్తిన చెయ్యి

ఇంటిపన్ను పెంచే తీర్మానానికి శశికళ చెయ్యెత్తింది. తమిళనాడులోని ధర్మపురి పురపాలక సంఘానికి ఆమె మొదటిసారి గెలిచిన కౌన్సిలర్. పన్ను పెరగకపోతే పైనుంచి రావలసిన నిధులు ఆగిపోతాయనీ, వీధి దీపాల కరెంటు బిల్లుకూ ఊడ్చేవాళ్ళ జీతాలకూ తడుముకోవలసి వస్తుందనీ అధికారి వివరించాడు. ఆమెకు అది నిజమే అనిపించింది. అయినా ఎత్తిన చెయ్యి దించేటప్పుడు సరసమ్మ ముఖం కళ్ళ ముందు మెదిలింది.

సరసమ్మది పక్కిల్లే. రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. ఎన్నో తరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళ వీధి అది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. చాలామంది కట్టడం పనులకు పోతారు. ఎన్నికలప్పుడు సరసమ్మ కూలి మానుకుని, శశికళ చెయ్యి పట్టుకుని ప్రతి గడపా ఎక్కింది. ఈ పిల్ల మా పిల్ల, ఏం కావలసినా నన్నడగండి అని అందరికీ తనే మాట ఇచ్చింది.

ఆ సాయంత్రం శశికళ ఇంటికి వచ్చేసరికి సరసమ్మ వాకిట్లో అనపకాయలు ఒలుస్తోంది. ఆమెను చూడగానే చేట తీసుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. వార్త అప్పటికే ఫోన్లలో వీధంతా తిరిగింది.

తర్వాత శశికళ కొళాయి దగ్గరికి వెళ్తే మాటలు ఆగిపోయేవి. బిందె జరిపి దారి ఇచ్చేవాళ్ళు, అంతే. ఎవరైనా తిట్టినా బాగుండుననిపించేది. కొన్నాళ్ళు పోతే సర్దుకుంటుందన్నాడు భర్త ఆనంద్‌కుమార్. కానీ గోడకవతల సరసమ్మ గొంతు అందరితోనూ మాట్లాడుతూ వినిపిస్తుంటే శశికళకు ముద్ద దిగేది కాదు.

పన్ను నోటీసులు వచ్చిన వారం, ఆదివారం పొద్దున ఆమె వెళ్ళి పక్కింటి తలుపు తట్టింది. సరసమ్మ భర్త సుబ్బరాయన్ తలుపు తీసి పక్కకు జరిగాడు. సరసమ్మ రాగులు చెరుగుతోంది. తలెత్తలేదు. శశికళ వెళ్ళి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"వీట్టువరి ఏసినారని కాదు నా కోపం," అంది చివరికి సరసమ్మ. "ఇంటిపన్ను ఎట్లో ఒగట్ల కడతాము. నీకు ఓటెయ్యండని ఇల్లిల్లూ తిరిగింది నేను. నాకే ఫోన్లో చూసి తెలియాల్నా? ముందే వచ్చి ఒక మాట చెప్పింటే నిన్ను కొట్టిందునా?"

శశికళ నేల మీద పడిన రాగులు ఏరి చేటలో వేసింది.

"భయపడినాను అక్కా. నువ్వు వద్దనింటే నా చెయ్యి లేచేది కాదు. అందుకే నీకాడికి రాలేదు."

సరసమ్మ చేట కింద పెట్టింది. కొంగుతో శశికళ కళ్ళు తుడిచి, అదే కొంగుతో తన కళ్ళూ తుడుచుకుంది. ఓట్లకని ఎక్కిన గడపలన్నీ మళ్ళీ ఎక్కుదామంది. ఈసారి చెప్పవలసింది శశికళేననీ, తను పక్కన నిలబడతాననీ అంది.

ఆ రోజే బయలుదేరారు. ఎందుకు చెయ్యెత్తిందో, అడగకుండా ఎత్తడం ఎంత తప్పో శశికళ ఇంటింటా చెప్పింది. కొందరు తిట్టారు. మేస్త్రీ గోవిందరాజ్ మంచినీళ్ళిచ్చాడు గానీ మాట్లాడలేదు. టైలరు సెల్వరాణి మాత్రం, కట్టేది కడతామంటూ, మలుపులో ఒక దీపం, మురుగుకాలువకు మూతలు వేయించమని అడిగింది. పిల్లలు ఆ పక్కనే ఆడుకుంటారని చెప్పింది. తర్వాతి ఇళ్ళల్లోనూ చాలామంది అవే రెండూ అడిగారు.

బడ్జెట్ సమావేశంలో శశికళ లేచి నిలబడింది. ఆ రెండూ అడిగింది. దీపానికి ఒప్పుకున్నారు. కాలువ మూతలకు ఈ ఏడాది డబ్బు చాలదనీ, వచ్చే ఏడు చూద్దామనీ అన్నారు. తగ్గకుండా ఇంకోసారి అడిగింది. జవాబు మారలేదు.

బయట గేటు దగ్గర సరసమ్మ నిలబడి ఉంది. పనిలోంచి నేరుగా వచ్చినట్టుంది, చీర అంచుకు సిమెంటు అంటుకుని ఉంది. లోపల జరిగింది శశికళ ఆమెకు చెప్పింది.

"ఇప్పుడే పోయి మన వీధోళ్ళకు చెప్తాను అక్కా. రేపటిదాకా దాచలేను," అంది శశికళ.

"చెప్దాం. ఇద్దరం పోయే చెప్దాం. ముందు ఏమన్నా తిను. ఆకలిమీద పోతే, వాళ్ళు ఒక మాటంటే నీకు ఏడుపొస్తుంది."

ఎదురుగా టీ అంగడి బల్ల మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. సరసమ్మ తన బోండాల్లో ఒకటి తీసి శశికళ ఆకులో పెట్టింది. వద్దంటే వినలేదు. తిన్నాక ముందు సెల్వరాణి ఇంటికి పోవాలని అనుకున్నారు.