తీరని పథ్యం

"కూరలో మళ్ళీ నీ వెంట్రుక," అన్నారు మా ఆయన, దాన్ని తీసి నాకు కనబడేలా పళ్ళెం అంచున పెట్టి. నేను పళ్ళెం మార్చి, తలమీద కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుని, మళ్ళీ వడ్డించాను. బుధవారం తిరుపతి ప్రయాణం. నా జుట్టు కొండమీద ఇప్పిస్తానని మా అత్తగారు నన్నడక్కుండానే మొక్కుకున్నారు. "ఎటూ రాలిపోతున్నదేగా కోటిరత్నం. గుండు కొట్టిస్తే ఒత్తుగా వస్తది, మొక్కూ తీరుద్ది," అని ఆవిడ లెక్క. బేరం బాగానే ఉంది. సరుకు మాత్రం నాది.

మా నాన్నకు గుంటూరులో మిర్చి కొట్టుండేది. కాయ విరిచి, గింజ చూసి, తేమ చెప్పడం నాకక్కడే వచ్చింది. పెళ్ళయ్యాక ఆ పనే మా ఆయన కొట్టుకు చేస్తున్నాను. రైతు బస్తా దించగానే గుప్పెడు కాయలు వంటింటి గుమ్మానికి వస్తాయి. నేను రకం చెబుతాను. ఆయన బయటికెళ్ళి తన మాటగా ధర పలుకుతారు. "మావాడి చూపు అట్టాంటిది," అని అత్తగారు మురిసిపోతారు. కాన్పయి మంచం దిగిన నాటినుంచే ఆ పని మళ్ళీ మొదలైంది. మొదలుకానిది నా తిండే. బాలింతకు మావైపు పథ్యం పెడతారు: పాత బియ్యపన్నం, వెల్లుల్లి కారం, చారెడు నెయ్యి. కొన్నాళ్ళకు తీసేస్తారు. నాకు తీయలేదు. పిల్ల గోడ పట్టుకుని నడుస్తున్నా పాలు తాగుతోంది కదా అన్నారు. ఆకుకూర తింటే పిల్లకు విరేచనాలట, పప్పు వాతమట, గుడ్డు వేడట. జుట్టు రాలడం మొదలయ్యాక ఒంట్లో వేడి ఎక్కువైందని బెల్లం కూడా మాన్పించారు. తలకు ఆముదం పట్టించి, స్నానం చేసిన తడి ఆరకముందే జడ బిగించి అల్లేవారు. అల్లినకొద్దీ నుదురు పెద్దదైంది.

నిన్న పిల్లకు జ్వరమని ఆసుపత్రికి వెళితే, డాక్టరమ్మ పిల్లకు మందు రాసి నా కనురెప్ప కిందికి లాగి చూసింది. "కాన్పయ్యాక జుట్టు రాలడం చాలామందికి ఉన్నదేనమ్మా. కొన్ని నెలలకు దానంతటదే ఆగుతుంది. నీకు ఆగలేదంటే రక్తం తక్కువై ఉంటుంది. ఏం తింటున్నావు?" చెప్పాను, బుధవారం గుండు మొక్కుతో సహా. ఆవిడ కలం పక్కన పెట్టింది. "పాలిచ్చేదానివి, మామూలుకంటే ఎక్కువ తినాలి. గుండు కొట్టించినా ఈ కుదుళ్ళలోంచే కదా రావాలి? మునగాకు, పప్పు, గుడ్డు, బెల్లం తిను. జడ వదులుగా వేసుకో. తేరుకోవడానికి నెలలు పడుతుంది. అప్పటికీ ఆగకపోతే రా, వేరే కారణం చూద్దాం." ఐరన్ మాత్రలిచ్చింది. ఇంటికి రాగానే అత్తగారు వాటిని తీసి దాచేశారు, పాలు విరిగిపోతాయని. ఆయనకు చెబితే, "ఆడాళ్ళ గొడవ నా దాకా తేకు," అన్నారు.

ఇప్పుడు ఆయన రెండో వాయి అన్నం కలుపుతూ, "బుధవారం తెల్లారకముందే బస్సు," అన్నారు. నేను ఇంకో పళ్ళెం తెచ్చుకుని ఆయన ఎదురుగా కూర్చుని, మునగాకు పప్పు వేసుకున్నాను. "నేను రావడంలేదండీ."

అత్తగారు గుమ్మంలో నిలబడిపోయారు. "మొక్కు ఎగ్గొడితే పిల్లకేమన్నా అయితే ఎవరిది పూచీ?"

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. పిల్ల చావిట్లో దగ్గుతోంది. ఆవిడకు తెలుసు నన్ను ఎక్కడ నొక్కాలో.

"మొక్కుకుంది మీరు అత్తయ్యా. మీ జుట్టివ్వండి, దేవుడు కాదనడు. నా మాత్రలు నాకివ్వండి."

"ఒరేయ్, విన్నావా దీని మాట?" అన్నారావిడ కొడుకుతో.

ఆయన నా పళ్ళెంకేసి చూశారు. ఆయనెదుట కూర్చుని నేను తినడం అదే మొదలు. "మరి నాకెవరు వడ్డిస్తారు?"

"గిన్నె మీ చేతికందుతుందండీ," అని, ఆయనకోసం ఉడికించిన గుడ్లలో ఒకటి నా పళ్ళెంలో వేసుకున్నాను.