లావుస్ట్ తిన్న బిస్కెట్

క్రిస్మస్ ఇంకా రెండు రోజులుందనగా సీసెల్ చలిగదిలోంచి పిండి జాడీ బయటికి తెచ్చింది. బ్రూన్‌కేర్ బిస్కెట్ల పిండి అది. పాకం, వెన్న, దాల్చినచెక్క, లవంగం, శొంఠి కలిసి నెల్లాళ్ళు ఊరితేగానీ రుచికి రాదు. నవంబరులో దాన్ని కలిపినవాడు ఆమె కొడుకు ఇవర్. పంతొమ్మిదేళ్ళవాడు, చేతుల్లో బలముందని వాడి చేతే కలిపించింది. వాణ్ణి సముద్రం మింగి ఒడ్డుకి తోసింది. మట్టి చేసి పదిరోజులైంది. పిండి మాత్రం దివ్యంగా ఊరింది. పారబొయ్యడానికీ మనసు రాలేదు, కాల్చడానికీ మనసు రాలేదు. పండగ పండగేనని అత్తగారు మలేన పొద్దుటినుంచీ సణుగుతుంటే పడలేక పొయ్యి రాజేసింది.

పిండిని పొడుగ్గా చుట్టి, పలచగా కోసి, బాదం పలుకులు అద్దుతుండగా మరిది లావుస్ట్ వచ్చాడు. ఇవర్ పోయిన రోజు పడవ చుక్కాని అతని చేతిలోనే ఉంది. టోపీ తీసి బల్ల దగ్గర కూర్చున్నాడు. సీసెల్ తలెత్తలేదు.

"ఏదైనా పెట్టవే," అంది మలేన. "పండగపూట వచ్చినవాడు నోట్లో ఏమీ వేసుకోకుండా గడప దాటితే ఇంట్లోని క్రిస్మస్‌ని మోసుకుపోతాడు."

"ఆయన వచ్చిందీ అందుకేగా అత్తయ్యా."

నిజమే. పాతిపెట్టిన నాటినుంచి లావుస్ట్‌ని ఊళ్ళో పలకరించే దిక్కులేదు. సీసెల్ ఇంట్లో ఒక్క బిస్కెట్ తిన్నాడంటే ఆమె క్షమించిందనే అర్థం. అప్పుడిక ఊరు కూడా మహా ఉదారంగా క్షమించేస్తుంది, జనవరిలో అతని పడవెక్కడానికి నలుగురు వస్తారు. లేదంటే పడవ ఒడ్డున ఎండిపోవలసిందే.

"నీకు కావలసింది పెడతాను. నాక్కావలసింది నువ్వు చెప్పు," అంది సీసెల్. "పడవ అంచు తలకి తగిలి అక్కడికక్కడే పోయాడన్నావు. వాడికి స్నానం చేయించింది నేను. తలమీద గీత కూడా లేదు."

లావుస్ట్ టోపీ నలిపాడు. "ఇప్పుడవన్నీ ఎందుకొదినా? తెలుసుకుని ఏం బావుకుంటావ్?"

"నా కొడుకు చావు నీ దగ్గర దాచుకోడానికి నువ్వెవరివి? చెప్పు."

లావుస్ట్ టోపీ బల్లమీద పెట్టాడు. "ఇసుక మేట దగ్గర పెద్ద అల లేచి వాణ్ణి ఊడ్చుకుపోయింది. వెనక్కి తిప్పితే పడవ బోల్తాపడుతుంది. లోపల నలుగురున్నారు, అందరూ పెళ్ళాం పిల్లలున్నవాళ్ళు. తిప్పలేదు. ఒడ్డుకే పోనిచ్చాను."

"వాడు?"

"తెడ్డు పట్టుకుని తేలాడు. బాబాయ్, బాబాయ్ అని అరుస్తూనే ఉన్నాడు."

"ఎంతసేపు?"

"పావుగంట ఉంటుందేమో. తర్వాత వినపడలేదు."

మలేన మొహానికి ఆప్రాన్ అడ్డం పెట్టుకుంది. పోయినవాడు మనవడు, వదిలేసి వచ్చినవాడు కొడుకు. ఎవరి తరఫున ఏడవాలో పాపం ఆ ముసలిదానికి తెలియలేదు.

సీసెల్ ఏడవలేదు. ఒక పళ్ళెం బిస్కెట్లు కాలడానికి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. ముప్పయ్యేళ్ళుగా కాలుస్తున్న మనిషికి గడియారంతో పనిలేదు. ఒక పళ్ళెం పొయ్యిలోకి తోసింది.

"కూర్చో. రెండు పళ్ళేలు కాలాక తిందువుగాని."

గదంతా లవంగం వాసన కమ్మింది. మొదటి పళ్ళెం దించి, రెండోది లోపల పెట్టింది. అప్పటికే లావుస్ట్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"చాలొదినా," అన్నాడు. "ఇంక చాలు."

"అప్పుడే ఏం చాలు? సగమేగా అయింది."

అతను లేచాడు. "కూర్చోరా," అంది మలేన, ఆప్రాన్ తియ్యకుండానే. తల్లి మాటకి మళ్ళీ కూలబడ్డాడు. సీసెల్ పొయ్యి ముందు నిలబడే ఉంది. ప్రతి క్షణమూ వాడి అరుపు వింటోంది, అతనూ వింటున్నాడని ఆమెకి తెలుసు.

రెండో పళ్ళెం దించి, పొగలు కక్కుతున్న బిస్కెట్ ఒకటి అతని అరచేతిలో పెట్టింది. చెయ్యి కాలుతున్నా కింద పెట్టకుండా మొత్తం తిన్నాడు.

సాయంత్రానికల్లా అతను బిస్కెట్ తిన్న సంగతి ఊరంతా పాకింది. జనవరిలో పడవ దగ్గరికి నలుగురూ వచ్చారు. లావుస్టే రాలేదు.