చుక్కక్క రాసిన చిన్న ఫైళ్లు

ఆ వారం నేను చెయ్యాల్సిన పనులు ఇవి. పాత ఫోల్డర్లలో ఉన్న ఫైళ్లన్నీ కొత్త ఫోల్డర్లలోకి మార్చాలి. ప్రతి ఫైలుకూ కొత్త పద్ధతిలో పేరు పెట్టాలి. ప్రతి ఫైలు నెత్తినా, మా కంపెనీని కొనుక్కున్నవాళ్ల హక్కుల నోటీసు అతికించాలి. పేరు మారిన ఫైలు ఫలానా పాత ఫైలేనని సిస్టమ్ కనిపెట్టే వేగం పెంచాలి. రిపేరుకిచ్చిన చుక్కక్క కళ్లజోడు దుకాణం నుంచి తెచ్చివ్వాలి.

మేం రాసేది ఆస్పత్రుల్లో రోగుల్ని వరుసగా పిలిచే సాఫ్ట్‌వేరు. చుక్కక్క మా గదిలో అందరికన్నా సీనియర్. కోడు పక్కన రాసే వివరణకి మేమెవరమూ చివర చుక్క పెట్టం. ఆవిడ పెడుతుంది. "చెప్పాల్సింది అయిపోయిందని చదివేవాడికి తెలియాలిగా" అంటుంది. అలా చుక్కక్క అయింది.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని నేనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో మీటింగుల్లో నాకు నోరు పెగిలేది కాదు. అప్పుడు నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, నా తప్పు నేనే పట్టుకునేదాకా ఓపిక పట్టింది ఆవిడే.

మొదటి మూడు పనులూ ఒకే దెబ్బలో కానిచ్చెయ్యమన్నాడు మేనేజరు.

"ముందు ఫైళ్లు మార్చి భద్రం చేద్దామండీ. నోటీసు ఆ తర్వాత అతికిద్దాం" అంది చుక్కక్క. "రెండూ కలిపితే ఏది ఏదో సిస్టమ్ పోల్చుకోలేదు."

"రెండుసార్లు పరీక్షలు నడపడానికి టైమెక్కడిదమ్మా? ఇల్లు మారేటప్పుడు సామానంతా ఒకే లారీలో వేస్తాం కదా!"

"వేస్తామండీ. పెట్టెల మీద చీటీలు పీకేసి మరీ వెయ్యం."

అందరం నవ్వాం. మేనేజరూ నవ్వాడు. పని మాత్రం ఆయన చెప్పినట్టే జరిగింది. చేసింది నేను.

ఆ మర్నాడే కబురొచ్చింది. మా గదిలో సగం మందినే ఉంచుతారట, మిగతావాళ్లని తీసేస్తారట. ఎవరుండాలో తేల్చడానికి పైవాళ్లు పెట్టుకున్న కొలబద్ద ఒక్కటే: ఇప్పుడు నడుస్తున్న కోడులో ఎవరు రాసిన వరుసలు ఎన్ని ఉన్నాయని. శుక్రవారం రిపోర్టు తీస్తారు. ముందుగా నేనే తీసి చూశాను. అందరి పేర్లూ మాయం. మొత్తం నేనే రాసినట్టుంది.

మా సిస్టమ్ ఫైళ్ల పేర్ల మార్పును ఎక్కడా రాసుకోదు. ఒక ఫైలు కనబడకుండా పోయి ఇంకోటి కొత్తగా కనబడితే, రెండిట్లో ఉన్నదాన్ని పోల్చి చూస్తుంది. సగానికి మించి కలిస్తే అదే ఫైలని నమ్మి, మొదట రాసినవాళ్ల పేరే చూపిస్తుంది. లేకపోతే తెచ్చి పెట్టినవాళ్ల పేరు. పోయిన ప్రతి ఫైలునీ వచ్చిన ప్రతి ఫైలుతో పోల్చాలంటే తెమిలే పని కాదు. కాసేపు చూసి చేతులెత్తేసి, అన్నీ కొత్త ఫైళ్లే అనుకుంటుంది.

అందుకే వేగం. వేగం పెరిగితే పేర్లు తిరిగొస్తాయి. చుక్కక్క ఇంట్లో జీతం తెచ్చేది ఆవిడొక్కతే. ఈ వయసులో ఇంకెవరు తీసుకుంటారని ఆవిడే అంటూండేది.

సైజులో మరీ తేడా ఉన్నవాటిని పోల్చడం మానిపించాను. ప్రతి ఫైలునీ ఒక్కసారే చదివి, వరుసకో గుర్తు అంకె వేసి, ఆ అంకెల్నే పోల్చేలా చేశాను. గురువారం మధ్యాహ్నం నడిపితే, కప్పులో టీ చల్లారకముందే పూర్తయింది. పేర్లు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. అందరికన్నా ముందు మా గదిలోని చాంతాడన్నది. ఎంత చిన్న పనికైనా చాంతాడంత కోడు రాస్తాడని ఆయనకా పేరు.

"ఇన్నాళ్లూ వెక్కిరించారుగా! చూడండి, ఎంత పొడుగుంటే అంత గుర్తింపు!" అన్నాడు.

"నావెక్కడే?" అంది చుక్కక్క. కళ్లజోడు లేదు కాబట్టి తెరకి మొహం ఆనించి వెతికింది. ఆవిడ ఫైళ్లన్నిటి మీదా నా పేరే ఉంది.

"నోటీసు ఎన్ని వరుసలు?"

"ఇరవై అక్కా."

"నా ఫైళ్లు ఒక్కోటీ పదీ పన్నెండు వరుసలు. ఇంకేం కలుస్తాయి, సగానికి?" వెనక్కి వాలింది. "చిన్నగా రాయమని నీక్కూడా నేర్పి చచ్చాను."

నోటీసు వదిలేసి మిగతాదే పోల్చేలా ఇంకో మార్పు రాశాను. నా మెషీన్లో నడిపితే చుక్కక్క పేరు ప్రతి ఫైలు మీదా వచ్చింది. పరుగున మేనేజరుకి చూపించాను. రెండు మార్పులూ అప్పటికప్పుడే పైకి పంపాడు. రిపోర్టు తీసేది వాళ్ల సర్వర్లో. సాయంత్రానికి జవాబొచ్చింది. వేగం పెంచిన మార్పు అద్భుతం, వెంటనే తీసుకున్నాం. రెండోది మంచి సూచన, వచ్చే విడతలో పరిశీలిస్తాం.

"సార్, ఆ వరుసలు ఆవిడవేనని నేను రాసిస్తాను."

"అదీ అడిగాను. ఒకరి మాట వింటే అందరి మాటా వినాలి, రిపోర్టు ఎంతంటే అంతే అన్నారు." గొంతు తగ్గించాడు. "నా పేరూ ఆ రిపోర్టులోనే ఉందమ్మా."

శుక్రవారం వచ్చిన, ఉండేవాళ్ల జాబితాలో నా పేరు అన్నిటికన్నా పైనుంది. చుక్కక్కది లేదు.

మధ్యాహ్నం వెళ్లి కళ్లజోడు తెచ్చాను. ఆ వారం పనుల్లో అనుకున్నట్టు అయింది అదొక్కటే. ఆవిడ కప్పూ చార్జరూ సంచిలో పెట్టుకుంటోంది.

"నేనూ మానేస్తానక్కా."

"మానేస్తే నా కుర్చీ నాకిస్తారా? పిచ్చి మొహమా! ఇంటికి ఫోన్ చేసి మీ అమ్మకి చెప్పు, ఉద్యోగం నిలబడిందని." కళ్లజోడు పెట్టుకుని నా తెర వైపు వంగింది. "ఇప్పుడు బాగా కనబడుతోంది" అంది. తెర మీద ఆవిడ ఫైలే ఉంది, నా పేరుతో.

ఆ వచ్చే విడత ఇంకా రాలేదు. అడుగుతూనే ఉన్నాను. రోజూ ఆ ఫైలు తెరుస్తాను. నోటీసు దాటాక ఆవిడ రాసిన వాక్యం ఉంటుంది: "చంటిబిడ్డతో వచ్చినవాళ్లని ముందు పిలవాలి." చివర చుక్కతో.

మీరెప్పుడైనా ఆస్పత్రిలో చీటీ పట్టుకుని కూర్చున్నప్పుడు, ఒళ్లో బిడ్డ ఉన్న తల్లిని మీకన్నా ముందు పిలిస్తే విసుక్కోకండి. ఆ వరుస రాసింది నేను కాదు, చుక్కక్క. దయచేసి గుర్తుపెట్టుకోండి.