కలిసొచ్చిన గొట్టాలు

సీమోను మూడు రోజులుగా కూర్చున్నచోట కూర్చోలేకపోతున్నాడు. తెనాలి చెంచుపేటలో అతని వెల్డింగు షాపు ముందు ఏడు ఇనప గొట్టాలు పడి ఉన్నాయి. ఒక్కోటి ఇరవై అడుగులు. పైన ఎర్రరంగు, ఆ పైన పసుపు, బొట్లు. పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయి. అతను వాటి చుట్టూ తిరుగుతాడు, ఒకదాన్ని కాలితో దొర్లిస్తాడు, లోపలికి పోతాడు, మళ్ళీ వస్తాడు.

"కాలు కాలిన పిల్లిలాగా ఆ తిరుగుడేంటండీ?" అంది భార్య దేవకుమారి. "కాఫీ మూడుసార్లు వేడిచేశాను. ఇంకోసారి పెడితే అది కాఫీ కాదు, కషాయం."

"మాటిచ్చానే ఆయనకి."

ఆయనంటే రేపల్లె జనార్దనరావు. అరవై మూడేళ్ళ రొయ్యల చెరువుల రైతు. నేలబారుగా, పొడుగ్గా, ఇంజను బయటికి కనపడుతూ, పైకప్పు లేని కారొకటి ఫోనులో చూశాడు. అంతే, మనసు దాని మీద పడింది. ఇంట్లో ఉన్న పాత జీపు ఇంజనుతో అలాంటిది చేయించుకుని, పక్కన భార్య సీతారావమ్మను కూర్చోబెట్టుకుని, బాపట్ల సముద్రం ఒడ్డుకు దూసుకుపోవాలి. దానికి అడుగున ఉండే ఛాసీ సీమోను కట్టాలి.

అంతవరకు బాగానే ఉంది. ఆ ఛాసీ ఈ ఏడు గొట్టాలతోనే కట్టాలట! ఇరవై రెండేళ్ళు చెరువుకు ఉప్పుకాలవ నీళ్ళు తోడిన గొట్టాలవి. తెల్లమచ్చ తెగులొచ్చి చుట్టుపక్కల చెరువులన్నీ ఊడ్చుకుపోయిన ఏడాది ఈయన చెరువొక్కటే నిలబడింది. "కలిసొచ్చిన గొట్టాలురా సీమోనూ" అంటాడు. మన వైపు కలిసొచ్చిందన్నాక ఇక ఎదురేముంది? కలిసొచ్చిన గేదెను అమ్మరు, కలిసొచ్చిన గుమ్మాన్ని మార్చరు.

సీమోను కాదనలేకపోయాడు. రెండేళ్ళ కిందట కాకుమాను దగ్గర అతను కట్టిన ట్రాక్టరు ట్రక్కు ముందుకడ్డీ విరిగి, డ్రైవరు నరసింహం కాలు నలిగింది. ప్రాణం దక్కింది గాని కుంటు మిగిలింది. కడ్డీ లోపలి తుప్పు సీమోను చూసుకోలేదు, పైరంగు చూసి అతికాడు. ఆ తర్వాత కిటికీ చువ్వ అతికించుకోవడానికి కూడా ఆ షాపు గడప తొక్కినవాళ్ళు లేరు. తొక్కింది జనార్దనరావు ఒక్కడే. చెరువు తూముల గేట్లన్నీ ఇతని చేతే చేయించి, "మనిషన్నాక తప్పు పడుద్దిరా" అన్నాడు. అలాంటి మనిషికి కాదని ఏ నోటితో చెప్పడం?

గురువారం తొమ్మిది నలభైకి ముహూర్తం. ఆ వేళకు మొదటి అతుకు పడాలి. బుధవారం పొద్దున్నే సీమోను ఒక గొట్టం కొసన మూరెడు ముక్క కోసుకుని, సంచిలో వేసుకుని బాపట్ల బండెక్కాడు. అక్కడ కాలేజీలో పిల్లల చేత పందెం కార్లు కట్టించే జార్జి సారు ఉన్నాడు. ఇద్దరికీ చర్చిలో పరిచయం.

జార్జి సారు ఆ ముక్కను నిలువునా చీల్చాడు. చీల్చి ఈల వేశాడు. "ఇది గొట్టమా, చెదలు తిన్న వాసమా?"

లోపలంతా అమ్మవారు పోసిన మొహంలా గుంటలు. ఉప్పునీరు నిదానంగా తినుకుంటూ పోయింది. ఒకచోట మందం మూడు మిల్లీలు, పక్కనే ఒక మిల్లీ, ఇంకోచోట గోరు గుచ్చితే పెచ్చు రాలింది.

"పోనీ ట్రక్కులకి వేసే లావుపాటిది కొత్తది వేస్తేనండి?"

"అప్పుడది కారు కాదయ్యా, రోడ్డు రోలరు. అతుకు లేకుండా లాగిన గొట్టం తీసుకో. మూడు మిల్లీలు చాలు. లోపల వేలుపెట్టి తిప్పితే ఎక్కడా గీత తగలకూడదు. బండి ఎగిరిపడ్డప్పుడు బరువంతా మలుపుల్లో పడుద్ది. అక్కడ పల్చనుంటే అంతే సంగతులు."

సీమోను అటునుంచి అటే రేపల్లె బస్సెక్కాడు. దారంతా చెప్పాల్సిన మాట వల్లెవేసుకున్నాడు. చూడగానే సీతారావమ్మ విస్తరేసింది, గోంగూర రొయ్యలు వడ్డించింది.

"మీ బాబాయికి రథం కడతన్నావంటగా నాయనా! ఎనక్కిపోయే గేరు మాత్రం మర్చిపోమాక. ఈ మనిషికి పుట్టిన కాడ్నించి అది లేదు."

"నువ్వూరుకో" అని జనార్దనరావు నవ్వాడు. ఆ నవ్వులో పదేళ్ళు రాలిపోయాయి. "గొట్టాలెట్టున్నాయిరా?"

"ఉన్నాయండి బాబాయిగారు" అన్నాడు సీమోను, ముద్ద నోట్లో పెట్టుకుని.

చెప్పలేదు. తెనాలి రైల్లో సీట్లన్నీ ఖాళీ, అయినా తలుపు దగ్గర నిలబడే వచ్చాడు. సంచిలో తేలున్నట్టు దాన్ని ఒంటికి ఎడంగా పట్టుకున్నాడు.

గురువారం తొమ్మిదింటికే దంపతులు దిగారు. కొబ్బరికాయ కొట్టారు. తొమ్మిది నలభై అయింది. సీమోను వెల్డింగు రాడ్డు చేతికి తీసుకోలేదు. చీల్చిన ముక్క తెచ్చి జనార్దనరావు చేతిలో పెట్టాడు.

"ఏంట్రా ఇది?"

"మన గొట్టమేనండి. దీంతో నేను కట్టను బాబాయిగారు. బాపట్ల కాలేజీలో మా సారు చీల్చి చూశాడు, అతుకులేని కొత్త గొట్టమే వెయ్యమన్నాడు."

జనార్దనరావు మొహం కందగడ్డయింది. "మూర్తం టైముకా ఈ మాట? ఎవరూ నీ మొహం చూడనప్పుడు పని ఇచ్చింది ఇందుకా?"

"ఇందుకేనండి" అన్నాడు సీమోను. "నరసింహం రోజూ నా కళ్ళముందే కుంటుకుంటా పోతాడు. పిన్నిగార్ని కూడా అట్టా చూడలేను."

సీతారావమ్మ ముక్క అందుకుని గుంటలో చిటికెనవేలు పెట్టింది. పెచ్చు రాలి కొత్తచీర మీద పడింది. దులుపుకోలేదు. "నేనెక్కనండీ" అంది.

"ఇది కొస. కొస పాడైతే గొట్టమంతా పాడా? మధ్యలో కొయ్యి" అన్నాడు జనార్దనరావు.

సీమోను కోసే మిషను ఆన్ చేశాడు. మధ్యలోనూ అంతే.

"ఇంకోటి కొయ్యి."

రెండోది కోశాడు. మూడోది. నాలుగోదానికి జనార్దనరావు తనే వంగి ఒక కొస ఎత్తి పట్టుకున్నాడు. తెల్లచొక్కా మీద నిప్పురవ్వలు పడుతున్నా కదలలేదు. అతికించడానికి వచ్చిన మనిషి కోయించుకుంటూ కూర్చున్నాడు. అయిదోది కాస్త నయమనిపించి ఎండలో తిప్పి తిప్పి చూశాడు. అవతలి కొసన చిల్లిలోంచి వెలుతురు కనబడింది. ఆరోది చూడనేలేదు, చేత్తో తడిమి పక్కన పడేశాడు. షాపు ముందంతా చీల్చిన చేపల్లా గొట్టం ముక్కలు.

దేవకుమారి మజ్జిగ తెచ్చింది. ఎవరూ ముట్టలేదు.

సీమోను ఏడోదాని మీద మిషను ఆనించాడు.

"దాన్ని కొయ్యమాక" అన్నాడు జనార్దనరావు.

సీమోను మిషను ఆపాడు. ఆ మోత పోయేసరికి వీధంతా ఒక్కసారిగా ఖాళీ అయినట్టుంది. పెద్దాయన గొట్టం పక్కనే గొంతుక్కూచుని, దాని మీది బొట్టు చెదరకుండా ఇనపరజను తుడిచాడు.

"ఇది ఇంటికి తీసుకుపోతాలే" అన్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు. "ఆ అతుకులేని గొట్టం ఎక్కడ దొరుకుద్దన్నాడు మీ సారు?"