పాస్‌వర్డ్ అడిగిన అన్న

ఆదివారం మధ్యాహ్నం అందరం బిర్యానీ పళ్ళాల ముందు కూర్చున్నాక బ్రహ్మయ్యన్న నిధి మెయిల్ పైకి చదవడం మొదలుపెట్టాడు.

“‘అక్కా, చెయ్యని ఉద్యోగం చేశానని ఇంటర్వ్యూలో చెప్పలేకపోతున్నా. వేరే కంపెనీకి అప్లై చేశా...’ విన్నారా, సత్యహరిశ్చంద్రుడి చెల్లెలి ఏడుపు!”

నిధి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అది వాళ్ళక్కకి రాసుకున్న మెయిల్.

“సాయంత్రానికి రూమ్ ఖాళీ చెయ్. నీ ఆఫర్ కేన్సిల్ చేస్తున్నా,” అన్నాడు.

అమెరికాలో ఆష్‌బర్న్ అనే ఊళ్ళో, కిటికీల్లేని డేటా సెంటర్ల పక్కన ఆయన కన్సల్టెన్సీ గెస్ట్‌హౌస్ అది. మా రెజ్యూమేల్లో లేని అనుభవం రాసి కంపెనీలకి పంపుతాడాయన. ఎమ్మెస్ ముగించి ఉద్యోగం వెతుక్కునే మాకు అదే దిక్కు. ఉద్యోగం లేకపోతే ఈ దేశంలో ఉండనివ్వరని మాకందరికీ తెలుసు. అందుకే తలలు వంచుకుని తిన్నాం. సిగ్గులేకుండా తిన్నాం.

మెయిల్ ఆయన చేతికెలా వెళ్ళింది? తాళం మేమే ఇచ్చాం. చేరిన రోజే మార్కెటింగ్ కోసమని, అంటే మమ్మల్ని కంపెనీలకి అంటగట్టడానికి, అందరి మెయిల్ పాస్‌వర్డ్‌లూ తీసుకుంటారు. రిక్రూటర్లకి మా పేరుతో వాళ్ళే జవాబులు రాస్తారు. ముక్కూమొహం తెలియనివాడు అడిగితే ఇచ్చేవాళ్ళం కాదు. మనవాడు, అన్న అని ఇచ్చాం. నమ్మించి మా గొంతు కోశాడు.

ఆయన కారెక్కగానే, మాతో ఉండే గిరిజ సాత్విక్ కాలర్ పట్టుకుంది. వాడు మా బ్యాచే, మార్కెటింగ్‌లో పనిచేస్తాడు.

“నువ్వే చూపించినవ్ గదరా! ఒక్క క్లాస్‌ల చదివినం. సిగ్గు లేదా?”

“చూపించకపోతే నన్ను తీసేస్తానన్నాడు. నా పాస్‌వర్డ్ కూడా ఆయన దగ్గరే ఉందే,” సాత్విక్ ఏడ్చేశాడు.

“కేస్ వేద్దాం. డేటా చట్టం ఉంది కదా?” అన్నాడు పక్కనున్న నీరజ్.

“చదివా. ఈ స్టేట్‌లో అది కస్టమర్లకే. ఉద్యోగులకి వర్తించదంట,” అంది నిధి.

“గట్లయితే మనమే చూస్కుందాం,” అంది గిరిజ. “ఒక్కరు పాస్‌వర్డ్ మారిస్తే ఆ ఒక్కర్ని తీసేస్తడు. అందరం మారిస్తే రేపు క్లయింట్‌లకి ఎవర్ని అమ్ముకుంటడు?”

చాలాసేపు వాదించుకున్నాం. భయపడినవాళ్ళని ఎవరూ వెక్కిరించలేదు. అందరం భయపడ్డాం.

సాయంత్రం ఆయన వచ్చేసరికి గుమ్మంలో నిధి తన పెట్టె మీదే కూర్చుని ఉంది. చుట్టూ మేం, ఫోన్లు పట్టుకుని.

“ఇక కానివ్వండి,” అంది నిధి.

పాస్‌వర్డ్ మారిస్తే ఆయన దగ్గరుండే ఆఫీస్ ఫోన్‌కి అలర్ట్ వెళ్తుంది. ఆయన జేబులో ఫోన్ టింగుమంది. మళ్ళీ టింగుమంది. తీసి చూసుకుంటే మొహం మాడిపోయింది.

“ఏంట్రా ఇది? సొంత తమ్ముళ్ళనుకుని తిండి పెట్టానే!”

“తిండి పెట్టి మా మెయిళ్ళు చదివినవ్, బ్రహ్మయ్య గారూ,” అంది గిరిజ. అన్న అనలేదు.

“పోలీసుల్ని పిలుస్తా!”

“పిలవండి. నా మెయిల్ ఎలా చదివారో వాళ్ళకీ చెప్దురు గానీ,” అంది నిధి.

మాలో ఒక్కరూ కదల్లేదు. ఆయన సాత్విక్ వైపు తిరిగాడు.

“నువ్వైనా చెప్పరా వీళ్ళకి.”

సాత్విక్ ఫోన్ తీసి తన పాస్‌వర్డ్ కూడా మార్చాడు. ఆయన చేతిలో ఫోన్ ఇంకోసారి మోగింది. నిధి లేచి, తన పెట్టెను లోపలికి లాక్కెళ్ళింది.