అప్పకి పెట్టిన చుట్ట

మా బావ ఎల్లాజీ అంటే నాకు పడదు. అయినా రోజూ మధ్యాహ్నం మూడింటికి వాళ్లింటికి వెళ్లేవాణ్ణి. కారణం చెప్పుకోవడానికి సిగ్గే. అలాంటి పైపు పొగాకూ అలాంటి టీ కళింగపట్నం మొత్తంలో ఇంకెక్కడా దొరకవు.

నలభై ఆరులో మా అప్పని, అంటే పెద్దక్క లక్ష్మణమ్మని, వదిలేసి రంగూన్ ఓడెక్కాడు బావ. ఏడాదిలో వస్తానన్నాడు. అక్కడ టేకు వ్యాపారం చేసే ఓ తెల్లదొరకి వంట చేస్తూ పద్దెనిమిదేళ్లు ఉండిపోయాడు. అరవై నాలుగులో బర్మా ప్రభుత్వం పొమ్మంటే మనవాళ్లందరితో పాటు తట్టాబుట్టా సర్దుకుని తిరిగొచ్చాడు, దొర వాడి పారేసిన పైపు జేబులో పెట్టుకుని. అప్పటికి అప్ప పోయి మూడేళ్లు. మొగుడుండీ ఆవిడకి కర్మ చేసింది నేను. అది నేను మరిచిపోలేదు.

పొగాకు కలపడం మాత్రం ఆయన దగ్గరే చూడాలి. పాతపట్నం సంతలో కొన్న ఘాటు ఆకు ఒక పాలు, గోదావరి లంకల్లో పండే లంకాకు రెండు పాళ్లు. ఈనెలు తీసి, సన్నగా తరిగి, బెల్లం నీళ్లు చిలకరించి, రుబ్బురోలు పొత్రం కింద వారం రోజులు అణిచిపెడతాడు. ఒకసారి లవంగం పొడి కలిపితే, ఇంకోసారి ఎండబెట్టిన నారింజ తొక్క. ఇక టీలో డబ్బాపాలు, దంచిన అల్లం. ఒక గుక్క టీ, ఒక దమ్ము పొగ. ఆ రెండూ గొంతులో కలుస్తుంటే ఆ మనిషి మీద నా కోపం కూడా కాసేపు సర్దుకునేది.

కానీ మేమిద్దరమే అయినా అక్కడ కప్పులు మూడు. పోయినవాళ్లకి ఇష్టమైనది పెట్టడం మావాళ్లలో మామూలే. పెద్దల దినానికి కల్లు పెడతాం, చుట్ట పెడతాం. బావ అది రోజూ పెట్టేవాడు. తను కలిపిన పొగాకునే ఆకులో చుట్టి, వెలిగించి, అప్ప ఎప్పుడూ కూర్చునే పీట ముందు సాసర్లో ఉంచేవాడు. అది చివరిదాకా కాలితే అప్ప తనని క్షమించినట్టు ఆయన లెక్క. ఆ ఒక్క చుట్ట కోసమే బతుకుతున్నాడా మనిషి.

రోజూ సగంలో ఆరిపోయేది. గాలి లేకపోయినా ఆరిపోయేది. తీసి చూస్తే నిప్పు ఉన్న కొస తడిసి ఉండేది. రెండో కొస పొడిగానే ఉండేది.

"ఉమ్మేస్తన్నాదిరా," అనేవాడు బావ. "నా మొకం మీద ఉమ్మనేక నిప్పు మీద ఉమ్మేస్తన్నాది. ఈ పాళ్లు దానికి నచ్చనేదు."

వారం వారం పాళ్లు మార్చి మళ్లీ కొత్తగా కలిపేవాడు.

మొదటిసారి ఆ తడి చూడగానే నాకు అర్థమైంది. మా వైపు ఆడవాళ్లు చాలామంది అడ్డపొగ తాగుతారు, అంటే నిప్పున్న కొసనే నోట్లో పెట్టుకుంటారు. తడిసేది ఆ కొసే. బావ ఓడెక్కేనాటికి అప్ప మగవాళ్లలాగే నిప్పు బయటికి పెట్టి తాగేది. తర్వాత మారిందని ఆయనకి తెలియదు. నాకు తెలుసు. అప్ప రోజూ వస్తోందనీ, ఆయన పెట్టింది తాగుతోందనీ నాకు తెలుసు.

నేను చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? పోయేదాకా పదిహేనేళ్లు అప్ప ఏడ్చింది, ఈయన నాలుగేళ్లు ఏడిస్తే ఏం పోయింది? పీట కిర్రుమన్నప్పుడల్లా అప్ప నావైపే చూస్తోందనిపించేది. నేను తల వంచుకుని పైపు పీల్చేవాణ్ణి.

అరవై ఎనిమిదిలో ఒక రోజు వెళ్లేసరికి బావ పెట్టె సర్దుకుంటున్నాడు.

"రేపు బరంపురం ఎల్లిపోతన్నాను. మా సెల్లి రమ్మన్నాది. మీ అప్పకి నా పొడ గిట్టట్నేదు, ఇంకా ఏటికి దాన్ని ఏడిపించడం? ఇల్లు తాళమేసేస్తాను," అన్నాడు.

నాకు భయం వేసింది. తాళం వేసిన ఇంట్లో అప్ప మళ్లీ ఒంటరిగా కూర్చుంటుంది. ఈసారి ఆ పాపం నాది.

"బావా, అప్ప ఉమ్మట్నేదు. తాగుతన్నాది. అప్ప అడ్డపొగ తాగీది."

"ఒరే, దానికి అదంటే రోతరా!"

"నువ్వెల్లిన రెండో ఏడు మొదలెట్టింది. సాయంత్రమైతే సాలు, ఓడలొస్తాయేమోనని సముద్రం ఒడ్డున కూకునీది. ఆ గాలికి సుట్ట నిలిసీది కాదు. అందుకని నిప్పు నోట్లో ఎట్టుకునీది."

బావ చేతిలో చొక్కా పెట్టెలో పడేసి పీట వైపు తిరిగాడు.

"నోరు కాల్నేదా?" అన్నాడు.

"కాలీది. ఆకర్న కారం తిననేకపోయింది."

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"మొదట్రోజు నుంచీ. అప్ప నిన్ను మన్నించీసింది బావా. నానే మన్నించనేదు."

కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆయన పెట్టెలోంచి పొగాకు తీశాడు. చుట్ట చుట్టి, వెలిగించి, ఈసారి నిప్పు కొసని పీట వైపు తిప్పి పెట్టాడు. మూడు కప్పుల్లో టీ పోసి, నా కప్పు మాత్రం వెనక్కి తీసుకున్నాడు.

"పోతురాజూ, నువ్వింక ఎల్లు. రేపట్నుంచి రావద్దు," అన్నాడు నెమ్మదిగా. "ఇన్నేల్లూ మా ఇద్దరి మద్దినా నువ్వే కూకున్నావు."

గుమ్మం దిగాను. బావ పిలవడని తెలుసు. అప్పయినా ఉండమంటుందేమోనని వీధిలో కాసేపు నిలబడ్డాను. లోపల చుట్ట కాలుతున్న వాసన వస్తోంది. పీట కిర్రుమంది. నన్నెవరూ పిలవలేదు.